తువ్వాలు నీళ్లు పీల్చడం మానేసి నెట్టుకుంటూ పోతోంది: మైక్రోఫైబర్ ఎంపిక, ఉతుకు గురించి సలహా కావాలి

కృష్ణాలంక_నల్లకారు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నిరుడు దసరాకు నల్లరంగు కారు కొన్నాను. నలుపు వద్దని ఇంట్లో వాళ్లు ముందే చెప్పారు. ఆ మాట విలువ ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం తెలిసివస్తోంది. కారు కడగడం వరకు నాకు ఇబ్బంది లేదు, ఆరబెట్టడం దగ్గరే చిక్కంతా. మావి బోరు నీళ్లు. తుడవడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ముగ్గు చుక్కలు పెట్టినట్టు బానెట్ నిండా తెల్లటి మచ్చలు తేలుతున్నాయి.

ఆరు నెలల క్రితం 60×90 సెంటీమీటర్ల మైక్రోఫైబర్ తువ్వాలు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అట్ట మీద 1200 జీఎస్‌ఎం అని ముద్రించి ఉంది. మొదటి రెండు నెలలు దాని పనితనం చూసి ముచ్చటపడి, పక్కింటి మాస్టారికి కూడా అలాంటిదే ఒకటి తెప్పించి ఇచ్చాను. బానెట్ మీద పరిచి, రెండు కొసలు పట్టుకుని లాగితే వెనుక ఒక్క చుక్క కూడా మిగిలేది కాదు. ఇప్పుడు అదే తువ్వాలు నీటిని పీల్చుకోకుండా ముందుకు నెట్టుకుంటూ పోతోంది. దానికి తోడు, సాయంత్రపు ఎండలో ఏటవాలుగా చూస్తే టాప్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గుండ్రని గీతలు కనిపిస్తున్నాయి. విచిత్రం ఏమిటంటే మాస్టారి తువ్వాలు ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. లోపం నా తువ్వాలుదా, నాదా? కొత్తది కొనవలసి వస్తే ఏం చూసి కొనాలి?

తళతళ (గుంటూరు)

కార్లు కడిగి పాలిష్ చేసే చిన్న షాపు నడుపుతున్నాను. జవాబు చెప్పేముందు నాలుగు సంగతులు తెలియాలి. తువ్వాలును దేనితో ఉతుకుతున్నారు? మిగతా బట్టలతో కలిపి వేస్తున్నారా? ఎక్కడ ఆరేస్తున్నారు? కారు మీద తువ్వాలు పెట్టేముందు ఎన్ని నీళ్లు పోస్తున్నారు? వీలైతే వంటింటి త్రాసు మీద తువ్వాలును పొడిగా తూచి బరువు కూడా చెప్పండి.

కృష్ణాలంక_నల్లకారు

మెషీన్‌లో మిగతా బట్టలతో కలిపే వేస్తున్నాం. మామూలు డిటర్జెంట్ పొడి, చివరి జాడింపులో సువాసన కోసం కండిషనర్. డాబా మీద ఎండలో ఆరేస్తాం. ఒకసారి వాన ముసురులో ఆరక మా అబ్బాయి ఇస్త్రీపెట్టె కూడా పెట్టాడట, ఈ ప్రశ్న అడిగాకే బయటపెట్టాడు. కారుకు రెండు బకెట్ల నీళ్లు వాడతాను. తువ్వాలు బరువు 410 గ్రాములు.

మాస్టారిని అడిగాను. ఆయన కారు కడిగిన బకెట్లోనే చివర కొంచెం షాంపూ వేసి, చేత్తో నాలుగుసార్లు జాడించి, వరండాలో దండెం మీద వేస్తారట. మెషీన్ ముఖం అది ఎన్నడూ చూడలేదు.

నూలుపోగు (సిరిసిల్ల)

మరమగ్గాల ఊరిలో పుట్టి, బట్టల పరీక్షశాలలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు బరువు సంగతి. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. మీ తువ్వాలు 0.6 ఇంటూ 0.9, అంటే 0.54 చదరపు మీటర్లు. నిజంగా 1200 జీఎస్‌ఎం అయితే 648 గ్రాములు తూగాలి. మీకు 410 వచ్చింది, అంటే దాదాపు 760. అట్ట మీది అంకెకూ త్రాసు మీది అంకెకూ మధ్య ఉన్న తేడా అమ్మినవారి నిజాయతీకి సంబంధించినది. మీ కష్టానికి మాత్రం అది కారణం కాదు. 760 జీఎస్‌ఎం తువ్వాలు కారు ఆరబెట్టడానికి చాలినంత మందమే, మొదటి రెండు నెలలు అది చక్కగా పనిచేసింది కూడా.

అసలు కారణం తెలియాలంటే ఈ పోగు ఎలా ఉంటుందో తెలియాలి. 9000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటాం, అంతకంటే సన్నగా ఉంటే మైక్రోఫైబర్. కారు తువ్వాళ్లలో వాడే రకంలో పాలిస్టర్, పాలీఅమైడ్ అనే రెండు పదార్థాలను కలిపి ఒకే పోగుగా తీస్తారు. రెండోది మనం నైలాన్ అనే జాతి. పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే బత్తాయిని అడ్డకోత కోసినట్టు కనిపిస్తుంది. తొనలు పాలిస్టర్, తొనల మధ్య గోడలు నైలాన్. నేసిన తరువాత వేడి క్షారంతోనో, ఒత్తిడితో కొట్టే నీటి ధారతోనో ఆ తొనలను విడదీస్తారు. అప్పుడు ఒక్కొక్క పోగు పదహారు వరకు పదునైన అంచులున్న పీచులుగా చీలిపోతుంది. అట్ట మీద 80/20 అనో 70/30 అనో ఉండేది ఈ రెండు పదార్థాల పాలు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పాలిస్టర్ పీచు తనలోకి నీటిని దాదాపు తీసుకోదు. మామూలు గాలిలో ఉంచితే నూలు తన బరువులో 8 శాతం దాకా తేమను పట్టుకుంటుంది, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం లోపే. అయినా మైక్రోఫైబర్ తువ్వాలు నూలు తువ్వాలుకంటే చురుగ్గా నీరు లాగడానికి కారణం, నీరు పీచులోకి కాకుండా పీచుకూ పీచుకూ మధ్య ఉన్న సందుల్లోకి ఎక్కడమే. దీపపు ఒత్తిలోకి నూనె ఎక్కే తీరు ఇదే. ఆ సందులు మూసుకుపోయాయంటే తువ్వాలు ఎంత ఖరీదైనదైనా రెయిన్‌కోటు గుడ్డతో సమానం.

మీ ఇంట్లో ఆ సందులను మూడు విధాల మూశారు. కండిషనర్ పని బట్టకు మెత్తదనం ఇవ్వడం, ఆ మెత్తదనం పీచు మీద అంటుకునే కొవ్వులాంటి పూత వల్ల వస్తుంది. నూలు చొక్కాకు అది సుఖం, ఈ తువ్వాలుకు మాత్రం గుదిబండ. రెండోది, మిగతా బట్టల నుంచి రాలిన నూలు పీచు ఈ పదునైన అంచులకు పట్టుకుని ఇక వదలదు. మూడోది, ఉప్పు నీళ్లలో సరిగ్గా కరగని పొడి. ఇస్త్రీపెట్టె తగిలిన చోట కథ వేరు. నూలుకు పెట్టే వేడి 200 డిగ్రీల దగ్గర ఉంటుంది, పాలిస్టర్ 80 డిగ్రీల లోపే బిగువు కోల్పోవడం మొదలుపెడుతుంది. ఆ వేడికి పీచు కొసలు వంగి, అతుక్కుని, చల్లారాక అలాగే గట్టిపడతాయి. ఆ భాగాన్ని అరచేత్తో తడిమి చూడండి. గరుకుగా తగిలితే దాన్ని మళ్లీ రంగు మీద పెట్టవద్దు.

పాతఅంబాసిడర్ (రాజమహేంద్రవరం)

నూలుపోగు గారు చెప్పిన శాస్త్రం బాగుంది. కానీ 30 ఏళ్లు నేను తడి పంచె ముక్కతోనే నా కారు తుడిచాను, ఒక్క గీత పడలేదు. పాత పంచె అంత మెత్తని గుడ్డ లోకంలో లేదు. ఇప్పటి వాళ్లు ఒక్క కారుకు ఐదు రకాల తువ్వాళ్లు కొనడం చూస్తే, పెళ్లికొడుక్కి కూడా ఇన్ని బట్టలు పెట్టరేమో అనిపిస్తుంది.

తళతళ

అయ్యా, మీ అనుభవాన్ని కాదనను. కాకపోతే మీ కారు రంగు ఏమిటి, తుడిచేముందు ఎన్ని నీళ్లు పోసేవారు?

పాతఅంబాసిడర్

తెలుపు. నీళ్ల సంగతి అంటారా, గోదావరి గట్టున ఉన్నవాళ్లం, నీళ్లకు కరువేమిటి! ఐదారు బకెట్లు పోసి, బురద మొత్తం కారిపోయాకే గుడ్డ ముట్టించేవాణ్ణి.

తళతళ

జవాబు మీరే చెప్పేశారు. మొదటిది, తెల్లరంగు మీద సన్నగీతలు ఉన్నా కంటికి ఆనవు. రెండోది, పాత కార్లకు పైన పారదర్శకమైన పొర విడిగా ఉండేది కాదు, ఒకే రంగుపూత ఉండేది. పాలిష్ పెట్టి రుద్దినప్పుడల్లా పై పొరతోపాటు గీతలూ పోయేవి, గుడ్డకు రంగు అంటుకోవడం మీరు చూసే ఉంటారు. ఇప్పటి కార్లకు రంగు పైన క్లియర్ కోట్ అనే పొర ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుకకంటే తక్కువ. గీత పడేది ఆ పొర మీదే. దాన్ని పాలిష్‌తో అరగదీసి సమం చేయవచ్చు గాని, అరిగినది మళ్లీ రాదు.

మూడోదే అసలు సంగతి. మీరు పోసిన ఐదారు బకెట్లే మీ కారును కాపాడాయి. మన రోడ్ల దుమ్ములో పలుగురాతి నలక ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా పెరిగే గట్టిదనం కొలబద్ద మీద పలుగురాయిది 7, కత్తి ఉక్కుకంటే గట్టిది. ఆ నలక ఒక్కటి మిగిలినా సరే, దాని మీద పంచె పెట్టినా, పట్టు పెట్టినా, మైక్రోఫైబర్ పెట్టినా గీస్తుంది. కృష్ణాలంక గారు రెండు బకెట్లతో సరిపెడుతున్నారు. ఆయన కారు టాప్ మీది సాలెగూటికి తువ్వాలుకంటే ఆ పొదుపే ఎక్కువ బాధ్యత వహించాలి.

పాతఅంబాసిడర్

తెలుపు సంగతి ఒప్పుకుంటాను. పంచె మెత్తదనం సంగతి మాత్రం ఒప్పుకోను.

నూలుపోగు

ఒప్పుకోనక్కరలేదు, మెత్తదనంలో మీ మాటే నిజం. తేడా నూగులో ఉంది. పంచె నేత చదునుగా, నూగు లేకుండా ఉంటుంది. మిగిలిన నలక గుడ్డకూ రంగుకూ మధ్య ఇరుక్కుని, చేయి ఎటు కదిలితే అటు దొర్లుతుంది. ఒత్తుగా నూగున్న తువ్వాలులో అదే నలక పీచుల లోతుకు దిగిపోయే అవకాశం ఉంది. అవకాశం అనే అంటున్నాను, హామీ ఇవ్వడం లేదు.

కూకట్‌పల్లి_బోరు (హైదరాబాద్)

తెల్లమచ్చల విషయంలో నా తప్పు ఒకటి చెబుతాను, ఇంకొకరు చేయకుండా ఉంటారు. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా చేయడం ఎందుకని డ్రమ్ములో పట్టి, ఏడాదిపాటు వాటితోనే కారు కడిగాను. మచ్చలు పెరిగాయే కాని తగ్గలేదు. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే మా బోరు నీళ్లు 900, ఆ వృథా నీళ్లు 1400 దాటాయి. తరువాత ఆలోచిస్తే ఆశ్చర్యం ఏమీ లేదు. మంచినీళ్లను ఇటు తీసుకుని ఉప్పునంతా అటు పంపడమే ఆ మిషన్ పని. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు 2000 దాకా అనుమతి. తాగడానికి చెల్లిన నీళ్లు కూడా నల్లరంగు మీద చెల్లవన్నమాట.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. కడగడానికి బోరు నీళ్లే. చివర పోసే నీళ్లు మాత్రం ఏసీ పైపు నుంచి కారేవి. గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్లు కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. వేసవిలో రాత్రికి రాత్రి బకెట్ నిండుతుంది. పలుచని గుడ్డలో వడకట్టి, మగ్గుతో టాప్ మీద నుంచి మెల్లగా పోస్తే, తువ్వాలు తగలని మూల ఒకటీ అరా ఉన్నా అక్కడ మచ్చ పడటం లేదు.

కృష్ణాలంక_నల్లకారు

ఏసీ నీళ్ల ఆలోచన అద్భుతంగా ఉంది. మా బాల్కనీలో ఆ నీళ్లు కింది ఇంటివారి తులసికోట మీద పడి రోజూ మాట పడుతున్నాం. ఒకే దెబ్బకు రెండు సమస్యలు తీరతాయి.

డాలస్_గోదారోడు (టెక్సాస్)

ఇక్కడ మా పంపు నీళ్లు కూడా కఠినమైనవే. నాణేలు వేసి మనమే కారు కడుక్కునే చోట్ల చివరి మీటకు స్పాట్ ఫ్రీ రిన్స్ అని రాసి ఉంటుంది, అది ఉప్పు తీసిన నీరు. కూకట్‌పల్లి గారు ఏసీ బకెట్‌తో అదే పని ఖర్చు లేకుండా చేస్తున్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌లో వేసే సువాసన షీట్లు కూడా కండిషనర్ లాంటివే, వాటి పూత వేడికి కరిగి బట్టలకు అంటుకుంటుంది. నేను షీటు వేయలేదు కాని, అంతకుముందు విడతలో వేసిన షీటు పూత డ్రమ్ముకు అంటి ఉండి నా తువ్వాలును పాడుచేసింది. ఇప్పుడు గ్యారేజీలో తాడు కట్టుకున్నాను. పక్కింటి అమెరికన్ పెద్దాయన అది చూసి డ్రయ్యర్ చెడిపోయిందా అని అడిగాడు.

నూలుపోగు

ఇక తువ్వాలును బాగుచేసే పద్ధతి. ఇస్త్రీ తగలని తువ్వాలు చాలావరకు తేరుకుంటుంది.

బకెట్‌లో చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లు తీసుకోండి, 50 డిగ్రీలు దాటనివ్వవద్దు. రంగు, కండిషనర్ కలవని ద్రవ డిటర్జెంట్ రెండు చెంచాలు వేసి, అరగంట నాననిచ్చి, పిడికిలితో ఒత్తుతూ వదులుతూ ఉతకండి. బండకేసి బాదవద్దు, బ్రష్ పెట్టవద్దు. నీళ్లు మురికిగా, జిగటగా వస్తాయి. నురగ పోయేదాకా జాడించి, ఇదంతా ఇంకొకసారి చేయండి. కండిషనర్ పూత ఒక్క ఉతుకులో పోయేది కాదు. తరువాత మరో బకెట్ నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, అరగంట ఉంచండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే చాలు. నీటి ఉప్పు పేరుకున్నది కరుగుతుంది. చివర మంచినీళ్లలో జాడించి, మెలి తిప్పకుండా ఒత్తి, నీడపట్టున గాలి తగిలేచోట ఆరేయండి.

ఒక జాగ్రత్త మరిచిపోకూడదు. నిమ్మ ఉప్పునుగాని వెనిగర్‌నుగాని బ్లీచింగ్ ద్రావణంతో ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. పైగా బ్లీచ్ నైలాన్‌ను కొరికేస్తుంది కాబట్టి ఈ తువ్వాళ్లకు అది అసలే పనికిరాదు.

బాగుపడిందో లేదో తెలియడానికి ఆరిన తువ్వాలును బల్ల మీద పరిచి, చెంచాతో నీటి చుక్క వేయండి. చుక్క తామరాకు మీద నీళ్లలా నిలిస్తే పూత ఇంకా ఉన్నట్టు. వేసిన క్షణంలోనే మాయమైతే పోయినట్టు.

అపార్ట్‌మెంట్_సెల్లారు (హైదరాబాద్)

పెద్దలు క్షమించాలి, చర్చ అంతా ఆదివారం తీరిక ఉన్నవారి గురించే సాగుతోంది. మా అపార్ట్‌మెంట్‌లో 40 కార్లను తెల్లవారుజామున ఒకే మనిషి తుడుస్తాడు. ఒక బకెట్, ఒక పసుపు గుడ్డ. ఐదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. నా కారు పద్దెనిమిదోది. సన్నగీతలు ఎందుకు వచ్చాయో వేరే పరిశోధన అక్కరలేదు.

అతణ్ణి తప్పుపట్టలేను. కారుకు నెలకు ఇచ్చే కొద్దిపాటి డబ్బుకు, ఏడు గంటలలోపు 40 కార్లు అతను అంతకంటే ఎలా తుడవగలడు? నేను రెండు పనులు చేశాను. నాలుగు చిన్న మైక్రోఫైబర్ గుడ్డలు కొని, నా కారుకు మాత్రమే వాడమని ఇచ్చాను. రోజూ అద్దాలు, లైట్లు మాత్రం తుడిస్తే చాలు, రంగు మీద పొడిగుడ్డ పెట్టవద్దని చెప్పాను. మొదట అతను నమ్మలేదు, పని తగ్గించి డబ్బులూ కోస్తానేమో అనుకున్నాడు. కోయనని తెలిశాక, ఇప్పుడు మిగతా వాళ్లకు కూడా అదే సలహా ఇస్తున్నాడు.

తళతళ

సెల్లారు గారు చెప్పినది మా షాపుకు వచ్చే కార్లలో సగానికి పైగా వర్తిస్తుంది. దుమ్ము పట్టిన కారు వారం రోజులు అలాగే ఉన్నా రంగుకు నష్టం లేదు. ఆ దుమ్మును పొడిగుడ్డతో రోజూ తుడవడమే నష్టం. ఈ ఒక్కమాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆరబెట్టే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి, మా షాపులో చేసేది చెబుతాను. కారు నీడలో ఉండాలి, బానెట్ మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి. మే నెలలో మధ్యాహ్నం పూట కడిగితే ఏ తువ్వాలూ మచ్చలను ఆపలేదు, తుడిచేలోపే నీరు ఆవిరై ఉప్పును వదిలిపోతుంది. షాంపూ కడిగేశాక, పైపుకు ఉన్న తుపాకీ మూతి తీసేసి, ఒత్తిడి లేని ధారను టాప్ మధ్య నుంచి మెల్లగా పారించండి. మైనం లేదా సీలెంట్ అనే రక్షణ పూత ఉన్న రంగు మీద నీరు ముత్యాలుగా చెదరకుండా ఒక పరదాలా జారి, ముప్పాతిక భాగం తనంతట తానే దిగిపోతుంది. తువ్వాలుకు మిగిలేది నాలుగో వంతు పనే.

తరువాత తువ్వాలును కొంచెం తడిపి గట్టిగా పిండండి. పూర్తిగా పొడిగా ఉన్న తువ్వాలుకంటే చెమ్మ తగిలిన తువ్వాలు తొందరగా లాగుతుంది. టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, చివర తలుపుల పైభాగం, ఈ వరుసలో పైనుంచి కిందికి రండి. తువ్వాలును పరిచి, తన బరువుతోనే తాను కూర్చునేలా ఒక క్షణం ఆగి, కొసలు పట్టుకుని మీ వైపు లాగండి. గుండ్రంగా రుద్దవద్దు, అరచేత్తో ఒత్తిడి పెట్టవద్దు. నిలువు భాగాల మీద అద్ది తీయండి. తలుపుల కింది భాగం, చక్రాల చుట్టూ ఉండే అంచులు, తలుపు తెరిస్తే కనిపించే గడప, వీటికి వేరే పాత గుడ్డ. పొరపాటున పెద్ద తువ్వాలు నేల మీద పడితే, ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. దులిపి మళ్లీ వాడే మనుషులను మా షాపులో ఉంచుకోను.

సాగరఘోష (విశాఖపట్నం)

మా తీరంలో సమస్య ఎండ కాదు, తేమ. తడి తువ్వాలును మడిచి డిక్కీలో పడేస్తే రెండు రోజులకు ముక్కవాసన వస్తుంది, నాలుగో రోజుకు నల్లచుక్కల బూజు. వాడిన వెంటనే జాడించి, ఫ్యాన్ కింద ఆరేసి, పూర్తిగా ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టడం అలవాటు చేసుకున్నాను. డబ్బా ముఖ్యం. బీచ్ రోడ్డు గాలికి బయట వేలాడే తువ్వాలు ఇసుకను ఊరికే పట్టేస్తుంది.

కొత్తగా_వరంగల్

ఇంకా కారు రాలేదు, వచ్చే నెల డెలివరీ. ముందే తువ్వాళ్లు కొనిపెట్టుకుందామని చర్చ మొత్తం చదివాను. సీడీ మీద రుద్ది గీతలు పడతాయేమో చూసి కొనమని ఒక వీడియోలో చెప్పారు. అది సరైన పరీక్షేనా? ఎన్ని కొనాలి?

నూలుపోగు

సీడీ వెనుకవైపు ప్లాస్టిక్ చాలా మెత్తన. దాని మీద గీత పడినంత మాత్రాన కారు పూత మీద పడుతుందని తేలదు. పడకపోతే మాత్రం కొంత నిశ్చింత. తువ్వాలు మధ్యభాగంకంటే అంచులను, కుట్టును, చీటీని ఆ పరీక్షకు పెట్టండి, గీసేవి సాధారణంగా అవే. చీటీని కత్తిరించి పారేయండి. కత్తిరించిన మొన మిగిలితే చీటీకంటే అదే ప్రమాదం, కాబట్టి కుట్టు విప్పి తీయడం మంచిది.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. కుడిచేతి వేళ్ల కొసలతో తువ్వాలును తడిమితే, చేతి గరుకుకు పీచులు పట్టుకుని లాగినట్టు అనిపించాలి. పోగు నిజంగా చీలిందనడానికి అది గుర్తు. నున్నగా జారిపోతే చీలని పాలిస్టర్ కావచ్చు, అది నీళ్లు లాగదు. మెలితిప్పిన ఉచ్చుల నేత ఎక్కువ నీరు పడుతుంది, పెద్ద కారుకు అదే నయం. కాని తడిశాక బరువెక్కి, ఆరడానికి ఒక పగలు తీసుకుంటుంది. గుంటల గడులున్న నేత, తేనెపట్టులా కనిపించేది, అంత నీరు పట్టదు గాని తొందరగా ఆరుతుంది. అద్దాలకు, సాగరఘోష గారి ఊరికి అది మేలు. నూలు కలిసిందన్న అనుమానం ఉంటే ఒక పోగు లాగి, ఇంటి బయట, పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల చూపండి. కరిగి గట్టి పూసలా చుట్టుకుంటే సింథటిక్, కాగితం కాలిన వాసనతో బూడిద అయితే నూలు. ఎరుపు, నీలం వంటి ముదురు రంగులైతే మొదటి ఉతుకు తరువాత తెల్ల చేతిరుమాలుతో ఒత్తి, రంగు దిగుతోందేమో చూడండి. ఎలాగూ కొత్త తువ్వాలును ఉతక్కుండా కారు మీద పెట్టకూడదు, నేత నూగు రాలుతుంది.

ఈ పోగును ఇంత దూరం తెచ్చినది జపాన్. టోరే సంస్థలో మియోషి ఒకమోటో అనే శాస్త్రవేత్త 1970లో అతిసన్నని పోగులతో తోలును పోలిన గుడ్డ చేశాడు. ఇది మన చర్చకు అక్కరలేని ముక్కే, వృత్తి అభిమానం కొద్దీ రాశాను.

తళతళ

సంఖ్య నేను చెబుతాను. పెద్దది ఒకటి, మధ్యరకం ఒకటి, మురికి పనులకు చిన్నవి మూడు. సిగ్నళ్ల దగ్గర అమ్మే గుడ్డలు డాష్‌బోర్డుకు, చక్రాలకు వాడుకోండి, రంగు మీద వద్దు. మిగిలిన డబ్బుతో మంచి షాంపూ కొనండి.

కృష్ణాలంక_నల్లకారు

మూడు ఆదివారాలు గడిచాక తిరిగి వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

నూలుపోగు గారు చెప్పినట్టు మొదట చుక్క పరీక్ష చేశాను. చెంచాతో వేసిన నీరు తువ్వాలు మీద గోళీలా నిలబడింది. బల్లను కొంచెం వంచితే అంచుదాకా దొర్లి కింద పడింది. ఆరు నెలలుగా దీనితోనా కారు తుడుస్తున్నాను అనిపించింది. రెండు సార్లు వేడి నీళ్లలో నానబెట్టి ఉతికాను. మొదటి బకెట్ నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా వచ్చాయి, ఆ కండిషనర్ సువాసన బాత్రూమంతా నిండింది. నిమ్మ ఉప్పు తరువాత ఆరేసి మళ్లీ చుక్క వేస్తే, కన్ను ఆర్పేలోపు లోపలికి పోయింది. ఒక్క మూల మాత్రం తేరుకోలేదు. తడిమితే మొద్దుబారిన జల్లెడలా ఉంది, అది ఇస్త్రీపెట్టె అంచు ఆకారమే. మా అబ్బాయికి చూపించాను, ఏమీ అనలేదు. ఆ మూలను కత్తిరించవచ్చా అని ఆలోచించి, కుట్టు విడిపోతుందని మానేసి, ఆ వైపు కనిపించేలా ఎర్రదారంతో ఒక ముడి కుట్టాను. ఇప్పుడు ఆ కొసను పట్టుకునే లాగుతున్నాను, రంగుకు తగలనివ్వడం లేదు.

నీళ్లు ఆరు బకెట్లకు పెంచాను. ఏసీ నీళ్లు చివర రెండు మగ్గులు. తెల్లమచ్చలు దాదాపు లేవు. పాత గీతలు అలాగే ఉన్నాయి, వాటి కోసం వచ్చే నెల గుంటూరు వస్తాను, తళతళ గారు పాలిష్ చేయాలి. ఒక్కటి మాత్రం ఇంకా వేధిస్తోంది. అంతా తుడిచి తువ్వాలు మడిచాక, పక్క అద్దాల లోపల దాగిన నీరు పది నిమిషాలకు తలుపు మీదుగా చారలా కారుతోంది.

తళతళ

అది అందరికీ ఉన్న బాధే. తుడవడం మొదలుపెట్టేముందు పక్క అద్దాలను రెండు సార్లు మడిచి తెరవండి, వీలైతే ప్రాంగణంలోనే కారును పది అడుగులు ముందుకు కదిలించి ఒకసారి బ్రేకు వేయండి. దాగిన నీరు సగం అప్పుడే రాలుతుంది. మిగిలిన సగానికి చిన్న గుడ్డ ఒకటి అద్దం కింది సందులో దోపి, కారు మొత్తం అయ్యాక చివరగా దాన్ని తీయండి. పాలిష్‌కు వచ్చేటప్పుడు మాత్రం కారు కడుక్కుని రావద్దు, దుమ్ముతోనే తీసుకురండి.

పాతఅంబాసిడర్

ఆ సందులో దోపడానికి పంచె ముక్క పనికొస్తుందా?

తళతళ

దివ్యంగా పనికొస్తుంది అయ్యా.